క్యారమ్స్ గేమ్ చేస్తున్నారా? ఫిజిక్స్ అంకెలతో ఆటను డిజైన్ చేయడం ఎలా

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డు పొడవునా పీజీల్లో ఉంటున్న మన తెలుగు పిల్లల్లో సొంతంగా ఒక గేమ్ చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. పగలు ఆఫీసు కోడ్, రాత్రి గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, యూనిటీయో గోడోయో, తెరిచి కూర్చోవడం. ఎక్కువమంది కార్ రేసుతోనో షూటింగ్ ఆటతోనో మొదలుపెట్టి, మోడల్స్, యానిమేషన్ల దగ్గరే అలిసిపోతారు. నా మాట విని క్యారమ్స్‌తో మొదలుపెట్టండి. తెర మీద ఉండేవి 20 గుండ్రటి బిళ్లలు, నాలుగు గోడలు, నాలుగు పాకెట్లు. కథ లేదు, క్యారెక్టర్లు లేవు. ఉన్నదంతా ఫిజిక్సే. ఒక్క అంకె మారిస్తే ఆట మొత్తం ఎలా మారిపోతుందో ఇందులో కళ్లారా చూడొచ్చు.

పైగా ఇది క్యారమ్స్ ఊరు. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో మొదలైంది ఇక్కడే. 1991లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయిన మరియా ఇరుదయం ఈ ఊరివారే. తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉత్తర చెన్నైలో చాలా ఉన్నాయి, అక్కడి వీధుల్లో క్యారమ్ బోర్డు లేని వీధి తక్కువ. ఆట తెలిసినవాళ్లు మీకు దగ్గర్లోనే ఉన్నారు. చివరికి వాళ్లతో పని పడుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఆ సాఫ్ట్‌వేర్లలో వస్తువుల కదలికనూ ఢీలనూ చూసుకునే ఫిజిక్స్ ఇంజన్ లెక్కలు చేస్తుంది, అంతే. ఏ ఆట కావాలో దానికి తెలియదు. 1972లో అటారీ అనే గేమ్ కంపెనీలో అలన్ ఆల్కార్న్, టేబుల్ టెన్నిస్ లాంటి పాంగ్ అనే వీడియో గేమ్ తయారుచేసినప్పుడు బ్యాట్‌ను ఎనిమిది ముక్కలుగా విడగొట్టారు. బంతి మధ్యలో తగిలితే నేరుగా వెళ్తుంది, అంచుకు తగిలితే ఏటవాలుగా వెళ్తుంది. నిజంగా చదునైన చెక్క అలా చేయదు. వచ్చిన కోణంలోనే వెనక్కి పంపుతుంది. కానీ ఆ అబద్ధపు ఫిజిక్స్ వల్లే ఆడేవాళ్ల చేతికి గురి అనేది వచ్చింది. కాబట్టి ఇంజన్‌లో ముందే పెట్టి ఉన్న ప్రతి డిఫాల్ట్ అంకెనూ అనుమానించండి. అది మీ ఆట కోసం ఎవరూ పెట్టింది కాదు.

1. ముందు ఆటను కాగితం మీద రాయండి

ఇంజన్ తెరవకండి. ఫుల్ ఫోర్స్‌తో కొడితే స్ట్రైకర్ ఎంత దూరం పోవాలి? ఎన్ని సెకన్లలో ఆగాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాస్తే మిగతా అంకెలు వాటంతటవే వస్తాయి.

నేనైతే ఇలా పెడతాను. బోర్డు ఒక వైపు 74 సెంటీమీటర్లు. ఫుల్ షాట్ సుమారు నాలుగు బోర్డుల దూరం, అంటే 3 మీటర్లు పోవాలి. రెండు సెకన్లలో ఆగిపోవాలి, ఎందుకంటే ఫోన్‌లో అవతలి మనిషి వంతు అయ్యేదాకా కాచుకోవడం చాలా విసుగు. ఇప్పుడు వెనక్కి లెక్క కట్టండి. ఒకే తీరున వేగం తగ్గుతూ ఆగే వస్తువు సగటు వేగం, దాని మొదటి వేగంలో సగం ఉంటుంది. 3 మీటర్లు 2 సెకన్లలో అంటే సగటు 1.5. కాబట్టి స్ట్రైకర్ సెకనుకు 3 మీటర్ల వేగంతో బయల్దేరాలి, ప్రతి సెకనుకూ 1.5 చొప్పున వేగం కోల్పోవాలి.

రాపిడి ఎంత ఉండాలో మీరు ఊహించలేదు, ఏ పుస్తకంలోనూ వెతకలేదు. మీకు కావలసిన ఆటే ఆ అంకెను చెప్పింది. దూకే ఆట చేసేవాళ్లకూ ఇదే పద్ధతి. హీరో 2 మీటర్ల ఎత్తు 0.4 సెకన్లలో ఎక్కాలనుకుంటే గ్రావిటీ 25 పెట్టాలి. భూమి మీది 9.8 పెడితే బెలూన్‌లా తేలుతూ కనిపిస్తాడు.

2. కొలతలు, స్కేలు

అధికారిక నియమాల ప్రకారం స్ట్రైకర్ వ్యాసం 4.13 సెంటీమీటర్లకు, బరువు 15 గ్రాములకు మించకూడదు. కాయిన్ వ్యాసం 3.02 నుంచి 3.18 సెంటీమీటర్లు, బరువు 5 నుంచి 5.5 గ్రాములు. పాకెట్ 4.45 సెంటీమీటర్లు. ఇవి యథాతథంగా తీసుకోండి. దశాబ్దాల తరబడి ఆడి ఆడి కుదిరిన కొలతలు ఇవి, వీటిని మార్చి మీరు బాగుచేసేది ఏమీ లేదు.

అయితే ఈ కొలతలను మీటర్లలో అలాగే ఇంజన్‌కి ఇవ్వకండి. యూనిటీ 2డి ఫిజిక్స్ కింద పనిచేసేది బాక్స్ 2డి. 2006లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఎరిన్ కాటో చూపించిన చిన్న ఇంజన్ అది. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్‌లో పిట్టలు ఎగిరింది కూడా దాని మీదే. కదిలే వస్తువులు 0.1 నుంచి 10 మీటర్ల మధ్య ఉంటే అది బాగా పనిచేస్తుంది. 3 సెంటీమీటర్ల కాయిన్ దానికి మరీ చిన్నది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. సెకనుకు 1 మీటర్ కంటే నెమ్మదిగా గుద్దుకున్న వస్తువులను అది ఎగరనివ్వదు, బౌన్స్ సున్నా అనుకుంటుంది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి వణక్కుండా నిలబడటానికి పెట్టిన ఏర్పాటు అది. మన ఆటలో ఫుల్ షాట్ కూడా 1.3 సెకన్లకల్లా ఆ వేగం కిందికి వచ్చేస్తుంది. ఫలితంగా నెమ్మదిగా వెళ్లిన కాయిన్ ఫ్రేమ్‌కి, అంటే బోర్డు గోడకి, తగిలి, వెనక్కి రాకుండా దానికే అంటుకుని ఉండిపోతుంది. రీబౌండ్ షాట్ అనేదే ఆటలోంచి మాయమవుతుంది.

అన్నిటినీ పదింతలు చేయండి. బోర్డు 7.4, ఫుల్ షాట్ వేగం 30, సెకనుకు తగ్గే వేగం 15. అప్పుడు కాయిన్ కూడా 0.3 దాటుతుంది. సెట్టింగుల్లో ఉన్న ఆ బౌన్స్ హద్దును కూడా బాగా తగ్గించండి. గ్రావిటీని సున్నా చేయడం మరిచిపోవద్దు, బోర్డును పైనుంచి చూస్తున్నాం కదా.

3. బరువుల్లోనే భయం ఉంది

ఈ అడుగును ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో ఆట రుచి సగం ఇక్కడే ఉంది.

యూనిటీలో కొత్త వస్తువు పెడితే దాని బరువు 1 అని వస్తుంది. స్ట్రైకర్‌కీ 1, కాయిన్‌కీ 1. సమాన బరువున్న రెండు బిళ్లలు ఎదురెదురుగా సూటిగా తగిలితే కొట్టింది అక్కడే ఆగిపోతుంది, తగిలించుకున్నది దాదాపు అదే వేగంతో ముందుకు పోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ క్యారమ్స్ ఆడినవాళ్లకు ఏదో తేడా కొడుతుంది.

ఇప్పుడు అసలు బరువులు పెట్టండి, 15, 5.5. బౌన్స్ పూర్తిగా ఉందనుకుంటే సూటిగా తగిలిన కాయిన్, స్ట్రైకర్ వేగానికి సుమారు 1.46 రెట్లతో దూసుకుపోతుంది. స్ట్రైకర్ ఆగదు. తన వేగంలో 46 శాతంతో అదే దారిలో కాయిన్ వెనకాలే వెళ్తుంది. ఎక్కడికి? కాయిన్ పడిన పాకెట్‌లోకే. స్ట్రైకర్ పడితే ఫౌల్, గెలుచుకున్న కాయిన్ ఒకటి తిరిగి బోర్డు మీద పెట్టాలి.

అంటే పాకెట్ ఎదురుగా ఉన్న కాయిన్‌ను బలంగా సూటిగా కొట్టడం బోర్డు మీద సులువైన షాట్, అదే ప్రమాదమైన షాట్ కూడా. కొంచెం పక్కకు కట్ చేయాలా, మెల్లగా కొట్టి స్ట్రైకర్ పాకెట్ దాకా రాకుండా చూసుకోవాలా అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. బరువులు సమానం చేసినవాళ్లు తెలియకుండానే ఆ ఆలోచనను తీసేశారు. ఫౌల్ రూల్ అలాగే ఉంటుంది, దాని భయం మాత్రం ఉండదు.

బరువును విస్తీర్ణాన్ని బట్టి ఇంజన్‌నే లెక్క కట్టుకోనిస్తే ఇంకో పొరపాటు. అప్పుడు స్ట్రైకర్ కాయిన్ కంటే సుమారు 1.8 రెట్లే బరువు అవుతుంది, అసలు తేడా 2.7 రెట్లు. కాబట్టి చేత్తో రాయండి.

4. రాపిడి: ఎలా ఆగాలి?

ఇంజన్లలో లీనియర్ డంపింగ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, కొన్నిచోట్ల డ్రాగ్ అంటారు. పైనుంచి చూసే ఆటల్లో వస్తువులు ఆగడానికి అందరూ అదే వాడతారు. క్యారమ్స్‌కి అది పనికిరాదు.

డంపింగ్ ఉన్న వేగంలో ఇంత శాతం చొప్పున తీసేస్తుంది. వేగం ఎక్కువున్నప్పుడు ఎక్కువ, తక్కువున్నప్పుడు తక్కువ. నీళ్లలో, గాలిలో కదిలే వాటికి ఇది కొంతవరకు సరిపోతుంది. పౌడర్ చల్లిన చెక్క మీద బిళ్ల ఆ పద్ధతిలో ఆగదు. చెక్క దాని నుంచి ప్రతి సెకనుకూ ఒకే మొత్తం వేగం లాక్కుంటుంది, చివర్లో టక్కున ఆగుతుంది.

మన అంకెలతోనే పోల్చి చూడండి. 3 మీటర్ల వేగంతో బయల్దేరి 3 మీటర్లు పోయేలా డంపింగ్ 1 పెట్టారనుకుందాం. రెండు సెకన్లకు కూడా అది సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో ఇంకా నడుస్తూనే ఉంటుంది. సెకనుకు ఒక సెంటీమీటర్ కిందికి రావడానికి 5.7 సెకన్లు పడుతుంది. ఆ చివరి మూడు నాలుగు సెకన్లూ బిళ్ల పాకుతుంటే ఇద్దరు ఆటగాళ్లూ తెర వంక చూస్తూ కూర్చోవాలి. వంతు ఎప్పుడు అయిందో కూడా స్పష్టంగా తెలియదు.

అసలు తేడా వేలి దగ్గర తెలుస్తుంది. డంపింగ్‌లో వేగం సగం చేస్తే దూరం సగం అవుతుంది. నిజమైన రాపిడిలో వేగం సగం చేస్తే దూరం నాలుగో వంతే. ఫుల్ షాట్ 3 మీటర్లయితే సగం బలంతో కొట్టింది 75 సెంటీమీటర్లు, అంటే దాదాపు బోర్డు ఒక చివర నుంచి ఇంకో చివరకు. క్యారమ్స్ ఆడినవాళ్ల వేళ్లకు ఈ నాలుగో వంతు లెక్క ఏళ్ల తరబడి అలవాటు. మీరు ఇంకో లెక్క పెడితే వాళ్లు రెండు షాట్లకే "బోర్డు బాలేదు" అంటారు.

చేయడం తేలిక. డంపింగ్ సున్నా చేయండి. ప్రతి ఫిజిక్స్ అడుగులో, అంటే ఇంజన్ ఒక్కోసారి లెక్క కట్టే చిన్న సమయం ముక్కలో, ప్రతి బిళ్ల వేగం నుంచి, దిశ మార్చకుండా, 15ను (1.5కి పదింతలు) ఆ అడుగు సమయంతో గుణిస్తే వచ్చినంత తీసేయండి. మిగిలిన వేగం అంతకంటే తక్కువైతే నేరుగా సున్నా చేయండి. ఈ ఆఖరి మాట ముఖ్యం. లేకపోతే వేగం సున్నా దాటి వెనక్కి తిరిగి, బిళ్ల ఉన్నచోటే వణుకుతుంది. అన్ని బిళ్లలూ సున్నాకు వస్తే వంతు అయిపోయినట్టు.

బిళ్లకూ బిళ్లకూ మధ్య రాపిడి మాత్రం మొదట సున్నా పెట్టండి. అప్పుడు తగిలిన కాయిన్ రెండు కేంద్రాలను కలిపే గీత వెంబడే వెళ్తుంది, ఆడేవాళ్ల అంచనాకు అందుతుంది. ఫ్రేమ్ బౌన్స్ 0.8 దగ్గర మొదలుపెట్టి చేత్తో సరిచూసుకోండి.

5. సమయాన్ని చిన్న ముక్కలు చేయండి

ఫిజిక్స్ సినిమా రీలులాగా ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. గోడోలో సెకనుకు 60 అడుగులు, యూనిటీలో 50. మన ఫుల్ షాట్ సెకనుకు 60 అడుగుల లెక్కన అడుగుకు 5 సెంటీమీటర్లు దూకుతుంది. కాయిన్ వ్యాసమే 3 సెంటీమీటర్లు. అంచును ఒరుసుకుంటూ పోవాల్సిన కట్ షాట్‌ను అసలు చూడకుండానే దాటిపోవచ్చు. చూసినా, అప్పటికే రెండు బిళ్లలు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉంటాయి, కోణం తప్పు వస్తుంది. వేగంగా కొట్టిన కట్ షాట్లు మాత్రమే తప్పుతుంటే కారణం ఇదే.

సెకనుకు 240 అడుగులు పెట్టండి. అడుగు 1.25 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఫోన్ తట్టుకుంటుందా అని టెన్షన్ పడకండి. 20 బిళ్లల మధ్య జతలు 190 మాత్రమే, ఈ కాలపు ఫోన్‌కి అది లెక్కే కాదు. స్ట్రైకర్‌కి కంటిన్యువస్ కొలిజన్ (రెండు అడుగుల మధ్య దారిలో కూడా ఢీలను చూసే సెట్టింగ్) కూడా ఆన్ చేయండి.

ఫిజిక్స్ అడుగు తెర ఫ్రేమ్ రేటు మీద ఆధారపడకూడదు. కొందరి ఫోన్ 60 ఫ్రేములు, కొందరిది 120. గడిచిన సమయాన్ని ఒకచోట పోగుచేసుకుంటూ, అది సెకనులో 240వ వంతుకు చేరినప్పుడల్లా ఒక అడుగు నడపండి. 2015లో వచ్చిన రాకెట్ లీగ్ ఇలాగే తెరతో సంబంధం లేకుండా సెకనుకు 120 అడుగులు నడుస్తుంది. ఇది లేకపోతే ఖరీదైన ఫోన్ ఉన్నవాళ్లదీ లేనివాళ్లదీ ఒకే ఆట కాదు.

6. బ్రేక్ ప్రతిసారీ ఒకేలా రాకూడదు

నడుమ రెడ్, చుట్టూ 6, వాటి చుట్టూ 12. మొత్తం 19. ఇవి కచ్చితమైన స్థానాల్లో ఉండి, ఆడేవాళ్లు ఒకే కోణంలో ఒకే బలంతో కొడితే ప్రతిసారీ అవే కాయిన్లు అవే పాకెట్లలో పడతాయి. ఎవరో ఒకరు ఆ కోణం కనిపెడతారు, వారంలో అందరికీ తెలిసిపోతుంది, ఆట అక్కడితో చచ్చిపోతుంది. నిజం బోర్డు మీద మనం చేత్తో పేర్చడంలో ఉండే చిన్న ఎడాలే దీన్ని ఆపుతాయి.

కాబట్టి ప్రతి ఆటకూ గుత్తి మొత్తాన్ని కొద్దిగా తిప్పండి. ఒక్కో కాయిన్‌ను మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ జరపండి. కంటికి కనిపించదు, ఫలితం మాత్రం పూర్తిగా మారిపోతుంది. బ్రేక్ అయ్యాక ఎక్కడా యాదృచ్ఛికత పెట్టకండి. బాగా గురిపెట్టిన షాట్‌ను మీ కోడ్ లాటరీ వేసి చెడగొట్టడం ఆడేవాళ్లకు చేసే అన్యాయం.

7. వేలు, గీత

వెనక్కి లాగి వదిలే పద్ధతి పెట్టండి. లాగిన దూరాన్ని నేరుగా వేగానికి కలపండి. నాలుగో వంతు లెక్క ఉంది కాబట్టి మెల్లని షాట్లలో వేలికి పట్టు బాగా దొరుకుతుంది.

గురి గీత ఎంత పొడవు చూపించాలన్నది ఫిజిక్స్ సెట్టింగులన్నిటికంటే బలమైన డిజైన్ నిర్ణయం. పాకెట్ దాకా మొత్తం దారి చూపిస్తే ఆడేవాళ్లు ఆలోచించరు, గీతను పాకెట్‌కి కలుపుతారంతే. ఏమీ చూపించకపోతే కొత్తవాళ్లు పది నిమిషాల్లో వెళ్లిపోతారు. స్ట్రైకర్ మొదటిసారి తగిలే చోటు దాకా ఒక గీత, అక్కడి నుంచి కాయిన్ వెళ్లే దిశలో ఒక కాయిన్ వెడల్పంత చిన్న గీత చాలు. రీబౌండ్ చూపించకండి.

కష్టం స్థాయిలు కావాలంటే ఈ గీత పొడవునే మార్చండి, రాపిడినో బరువునో ముట్టుకోకండి. మొదటి స్థాయిలో చేతికి వచ్చిన అంచనా రెండో స్థాయిలో పనికిరాకపోతే, ఆడేవాళ్లు నేర్చుకున్నదంతా మీరు పారేసినట్టే.

8. పాకెట్

కాయిన్ కేంద్రం పాకెట్ వృత్తంలోకి వస్తే పడినట్టు, అంటే పాకెట్ కేంద్రం నుంచి 2.2 సెంటీమీటర్ల లోపు. బల్ల అంచు మీంచి ఏ బిళ్లయినా సరిగ్గా సగం దాటాకే ఒరుగుతుంది కాబట్టి ఇది సహజంగానే ఉంటుంది. నేను ఇంకొకటి చేస్తాను. కాయిన్ చాలా వేగంగా వస్తుంటే ఆ హద్దును 1.6కి తగ్గిస్తాను. అప్పుడు అడ్డదిడ్డంగా బలంగా కొట్టినవి ఫ్రేమ్‌కి తగిలి బయటికి వచ్చేస్తాయి, నెమ్మదిగా కొలిచి కొట్టినవి పడతాయి. ఇది పూర్తిగా డిజైన్ కోసం పెట్టిన అంకె. గురికి దొంగచాటుగా సాయం చేయడం, కాయిన్‌ను పాకెట్ వైపు లాగడం మాత్రం వద్దు. ఆట తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

9. ఆన్‌లైన్ పెడితే

రెండు ఫోన్లలో దశాంశ లెక్కలు చివరి అంకెల్లో తేడా రావచ్చు. 19 కాయిన్ల బ్రేక్‌లో ఆ తేడా నాలుగైదు ఢీలకే పెద్దదై, ఇద్దరి తెరల మీదా వేర్వేరు బోర్డులు కనిపిస్తాయి. వంతుల ఆట కాబట్టి పరిష్కారం సులువు. షాట్ కోణం, బలం పంపండి, రెండు చోట్లా ఆడించండి, చివర్లో సర్వర్ చెప్పిన స్థానాలే అసలైనవిగా తీసుకుని సరిచేయండి. బ్రేక్ కోసం వాడిన యాదృచ్ఛిక సీడ్ (ఆ చిన్న తేడాలన్నీ పుట్టే మొదటి అంకె) కూడా సర్వరే ఇవ్వాలి.

10. ఆడేవాళ్ల చేతిలో పెట్టండి

పీజీ రూమ్మేట్లతో ఆపకండి. వాళ్లు మొహమాటానికి బాగుందంటారు. ఆదివారం పూట బోర్డు వేసుకుని ఆడే చోటికి వెళ్లండి. "అన్నా, ఒక్క ఆట ఆడి చెప్తారా?" అని ఫోన్ చేతికివ్వండి. ఏమీ వివరించకండి, వాళ్ల వేలిని చూడండి.

వాళ్లు ఫిజిక్స్ మాటల్లో చెప్పరు, మీరే మార్చుకోవాలి. "పౌడర్ ఎక్కువైంది" అంటే సెకనుకు తగ్గే వేగం 15 నుంచి 17కి పెంచి చూడండి. "కాయిన్ తేలిగ్గా ఉంది" అంటే బరువుల నిష్పత్తి చూడండి. "గోడ చచ్చిపోయింది" అంటే ఫ్రేమ్ బౌన్స్‌తో పాటు రెండో భాగంలో చెప్పిన ఆ బౌన్స్ హద్దునూ చూడండి. "కట్ సరిగా పోవట్లేదు" అంటే సమయం ముక్కలు. ఒకసారికి ఒక్క అంకే మార్చి, మళ్లీ అదే మనిషితో ఆడించండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అసలు క్యారమ్స్ ఎప్పుడూ ఆడనివాళ్లతో కూడా ఆడించండి. వాళ్ల మాటలకు రాపిడి, బరువు మార్చకండి. వాళ్లు తడబడితే గురి గీతను కొంచెం పొడిగించండి, లేదా మొదటి ఆటకు 19 బదులు ఐదారు కాయిన్లే పెట్టండి.